బొంతకు తగ్గ మిషను

"గంతకు తగ్గ బొంత" యనునది తెలుగువారి నోట నానిన సామెత. పెండ్లిచూపులనాడు మెచ్చుకోలుగాను, పెండ్లియైన పిదప ఎత్తిపొడుపుగాను అదే మాటను వాడుట మనవారి చమత్కారము. ఇంతగా వాడబడు సామెతలో బొంత సంగతి మాత్రము ఎవరికిని పట్టలేదు. దానిని ఎవరు కుట్టిరి, ఏ సూదితో కుట్టిరి, ఎన్ని మధ్యాహ్నములు దానికై వెచ్చించిరి అని అడిగినవారు అరుదు. ఇప్పుడు ఆ ప్రశ్నకు తోడు మరియొకటి పుట్టినది: బొంతకు తగ్గ కుట్టుమిషను ఏది? పైకి ఇది దుకాణమున తేలవలసిన ప్రశ్నవలె కనిపించును గాని, చేతికిని యంత్రమునకును నడుమ గల పాత పేచీ దాని వెనుక దాగియున్నది.

శ్రీకాకుళము జిల్లా టెక్కలికి చేరువనున్న రావివలసకు ఎండల మల్లికార్జునస్వామి వలన పేరు వచ్చినది. అచ్చటి శివలింగమునకు పైకప్పు లేదు. ఎండ కాసినను వాన కురిసినను స్వామి ఆరుబయటనే. కార్తిక సోమవారములందు చుట్టుప్రక్కల ఊళ్ళనుండి జనము విరగబడి వత్తురు. సరిగా ఆ దినములలోనే చలిగాలి తిరుగును. తెల్లవారుజామున ఉద్దానపు కొబ్బరితోటలలో మంచు దిగును. ఇండ్లలో అటకల మీది బొంతలు క్రిందికి దిగి, గోడల మీదను దండెముల మీదను ఆరవేయబడును. స్వామికి నిత్యము అలవాటైన ఎండ బొంతలకు ఏటికొకమారైనను దక్కుచున్నదన్నమాట.

బొంతకు కావలసిన సరుకు బజారున దొరకదు. అది ఇంటనే పుట్టి, ఇంటనే ముదియవలెను. ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరలు, కొంగు చిరిగినవి, నడుమ పిగిలినవి, అంచు మిగిలి ఒడలు పోయినవి, తాతలనాటి పంచెలు – ఇవియే దానికి ముడిసరుకు. పాత పొందూరు ఖద్దరు పంచె దొరికినచో బొంతకు అంతకన్న కావలసినది లేదు. అయిదున్నర గజముల చీరను మూడు మడతలు వేసిన రెండు గజములకు కొంచెము తక్కువగా వచ్చును. అట్టివి రెండో మూడో కలిసిన ఒక మనిషి కప్పుకొను బొంత యగును. పసిబిడ్డకైనచో గజము చదరము చాలును. మంచిగుడ్డ పైనను అడుగునను ఉండును. చిరిగినది లోపల దాగును. అంచులు లోనికి మడిచి, పొరలు కదలకుండ పెద్దపెద్ద కుట్లతో కచ్చా వేసి, పిదప ఒక కొననుండి రెండవ కొనకు వరుసలు సాగింతురు. ఈ వరుసలు అలంకారమునకు పుట్టినవి కావు. పొరలను బిగించి పట్టని బొంత ఒక్క ఉతుకునకే లోపల ఉండలు కట్టును. అందమను మాట ఆ తరువాతిది. అయినను చేయి తిరిగిన ఇల్లాలు ఆ అవసరములోనే అందమును చూపును.

మాట విషయమున ఒక చిన్న ముచ్చట. బ్రౌను దొర నిఘంటువున బొంత కలదు. బొంతకాకి, బొంతపురుగు, బొంతజెముడు అని భాషలో దానికి చుట్టములు పెక్కురున్నారు. ముతకగా, దట్టముగా ఉండు గుణమే వీనినన్నిటిని ఒక గూటికి చేర్చినది కాబోలు. సంస్కృతమున దీనికి కంథ యని పేరు. సన్యాసుల భుజముల మీది అతుకుల వస్త్రము కంథయే. ఆ మాటయే వంగదేశమున కాంథాగా నిలిచి, అక్కడి పల్లెపడుచుల సూదిపనికి లోకప్రసిద్ధి తెచ్చినది. బీహారున సుజనీ యందురు. కన్నడదేశమున కౌది యందురు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు రంగురంగుల పేలికలతో కుట్టు కౌదులు ఇప్పుడు ప్రదర్శనశాలల గోడలెక్కినవి. తెలుగు బొంత మాత్రము ఇంకను మంచము దిగలేదు. దానికి నొచ్చుకొనవలసినదియు లేదు. బొంత పుట్టినది కప్పుకొనుటకు గదా.

రావివలసలో ఒక యింటి సంగతి. ఆ యింటి ఆడపడుచు మాఘమాసమున పురిటికి రానున్నది. పసిబిడ్డకు మూడు నాలుగు చిన్న బొంతలు లేక పురుడు జరుగదు. ఇంతవరకు ఇట్టి బొంతలన్నియు అత్తగారి చేతిమీదుగా నడచినవే. ఆమె పలాస జీడిపిక్కల కార్ఖానాలలో చాల ఏండ్లు పనిచేసినది. జీడిపిక్కను పగులగొట్టునపుడు పెంకునుండి చిమ్ము నూనె ఎంత క్రూరమైనదో ఆ ప్రాంతపు వారికి చెప్పనక్కరలేదు. అది చర్మమును పొక్కించును, నల్లజేయును, వ్రేలికొనలలోని స్పర్శను మొద్దుబార్చును. సూదిపని యంతయు ఆ వ్రేలికొనల మీదనే గదా ఆధారపడినది! దానికితోడు కంటికి శుక్లములు వచ్చినవి. దారమెక్కించుటకే పొద్దు గడచిపోవుచున్నది. కోడలికి కుట్టుపని వచ్చును. ఇంట ఒక చేతిమిషను కలదు. దానిపై రవికలు, లంగాలు, బడిపిల్లల దుస్తులు కుట్టుచుండును. బొంతకు మాత్రము ఆ మిషను లొంగలేదు. అందుచేత దీనిని తీసివేసి కొత్తది కొనవలెనా, కొనినచో ఏది కొనవలెను అని చర్చ పుట్టినది. ఇంటిలో సంవత్సరమున కొకమారు మాత్రమే చేతికందు డబ్బుతో చేయవలసిన నిర్ణయమిది. తప్పిన దిద్దుకొనుట సులభము కాదు.

మిషను ఎందుకు లొంగలేదో తెలియవలెనన్న దాని లోగుట్టు కొంచెము చూడవలెను. విద్యార్థులు తమ ఇంటి మిషను అడుగుపలకను జరిపి చూచినచో ఈ సంగతి పుస్తకము కన్న బాగుగ బోధపడును.

సూది క్రింద, పాదమునకు ఎదురుగా, చిన్న రంపపు పళ్ళవంటివి రెండు మూడు వరుసలు కనిపించును. మిషను తిరుగుచుండగా ఆ పళ్ళు నాలుగు కదలికలు కదలును. లేచి గుడ్డను పట్టును, ముందుకు జరుపును, దిగి విడుచును, వెనుకకు మరలి మొదటి చోటికి చేరును. సూది పైకి లేచినప్పుడెల్ల ఒక అడుగు. కుట్టు కుట్టుకును నడుమ కొలత తప్పకపోవుటకు కారణమిదియే. ఇది వెంటనే తట్టిన యుక్తి కాదు. ఫ్రాన్సుదేశపు దర్జీ తిమోనియే 1830లో కుట్టుయంత్రమునకు పేటెంటు పొంది, పారిసులో సైనికుల దుస్తులు కుట్టించుచుండగా, తమ కూడు పోవునను భయముతో దర్జీలు 1831లో ఆ యంత్రములను ధ్వంసము చేసిరి. అమెరికాలో ఎలయాస్ హోవు 1846లో పేటెంటు పొందిన యంత్రము పైదారమును అడుగుదారమును ముడివేయనేర్చినది గాని, గుడ్డను నడుపుట దానికి సరిగా రాలేదు. గుడ్డను ముండ్లున్న ఒక పలకకు గ్రుచ్చవలెను. పలక నిడివి ముగియగానే ఆపి, మరల గ్రుచ్చవలెను. 1851లో ఐజాక్ మెరిట్ సింగరు నిలువుసూదిని, గుడ్డను అదిమిపట్టు పాదమును చేర్చెను. 1854లో అలెన్ విల్సను ఈ నాలుగు కదలికల పళ్ళకు పేటెంటు పొందెను. నేటికిని ఇంటింటి మిషను గుడ్డను నడుపునది ఆయన పళ్ళతోనే.

కొసరుగా ఒక సంగతి. యంత్రముల నంతగా అనుమానించిన గాంధీమహాత్ముడు 1924లో రామచంద్రన్ అను విద్యార్థితో మాటలాడుచు సింగరు కుట్టుమిషనును మాత్రము మినహాయించెను. భార్య పడు శ్రమను చూడలేక సింగరు దానిని కనిపెట్టెనని ఆయన విన్న కథ. సింగరు జీవితమెరిగినవారికి ఆ కథ అంత నమ్మదగినదిగా తోచదు. కాని యంత్రము మనిషి చేతిని పనికిరానిదిగా చేయక దాని శ్రమను మాత్రము తగ్గింపవలెనని మహాత్ముడు పెట్టిన గీటురాయి ఈ బొంత తగవులో అక్కరకు వచ్చును.

ఇంతకును ఆ పళ్ళు రవికకు చేయు మేలే బొంతకు కీడగుచున్నది. నాలుగు పొరలు క్రిందనుంచగా, పళ్ళు అడుగుపొరను పట్టి లాగును. పాదము పైపొరను అదిమి వెనుకకు నెట్టును. నడుమ పొరలు ఎటును పోలేక నలుగును. వరుస కొన చేరుసరికి పైగుడ్డ నాలుగు వ్రేళ్ళు మిగిలి, ముడుతపడి నిలుచును. పాతచీర పిగులుచోట పళ్ళు కరచుకొనును. ఇక వంకర తిప్పవలెనన్నచో గుడ్డనే చుట్టు త్రిప్పవలెను. రవిక చేయినైన త్రిప్పవచ్చును. రెండు గజముల బొంతను మిషను చంకలో త్రిప్పుట ఎట్లు?

దీనికి ఉపాయము పళ్ళను దించివేయుటయే. పళ్ళు దిగిన మిషను గుడ్డను నడుపదు. సూది ఉన్నచోటనే పైకి క్రిందికి ఆడును. గుడ్డను ముందుకు, వెనుకకు, ప్రక్కకు, చుట్టును – మనసు పోయిన వంకకు – రెండు చేతులతో నడుపుకొనవలసినది కుట్టువారే. పలకమీద బలపమును కదలింపక, బలపమును నిలిపి పలకనే కదపి అక్షరము వ్రాసినట్లు. కోడలు ఈ సంగతి చెప్పగా అత్తగారు నమ్మలేదట.

"ఒలే, పళ్ళు దించేస్తే గుడ్డ ఎలగ నడుస్తాదే?"

"గుడ్డని మనమే నడపాలి అత్తా. సూది ఊరికే పైకీ కిందికీ ఆడతాది, అంతే."

"అయితే అది నా సూదే గదే!"

ఆ ముసలామె నోట వచ్చిన మాట ఇంజనీర్ల వివరణములకన్న సూటియైనది. పళ్ళున్నంతసేపు కుట్టు నడక యంత్రమునది. పళ్ళు దిగినంతనే నడక తిరిగి చేతిదగును. యంత్రమునకు మిగిలినది వేగము మాత్రమే. బొంతకు మిషను కొనువారు మొదట అడుగవలసినది ధర కాదు, రంగు కాదు, ఎన్ని రకముల కుట్లు వేయుననియు కాదు. "దీని పళ్ళు దిగునా?" అని అడుగవలెను.

ఈ విద్య కొత్తదియు కాదు. పాదమును తీసి, పళ్ళను కప్పి, చట్రములో గుడ్డను బిగించి సాధారణమైన కాలిమిషను మీద పూవులు లతలు కుట్టు పద్ధతిని సింగరు కంపెనీవారు 1911నాటికే చిత్రములతో పుస్తకముగా వేసిరి. మన ఊళ్ళలో మిషను ఎంబ్రాయిడరీ నేర్చినవారందరును ఆ బడి పిల్లలే. ఆ పనినే చట్రము లేకుండ నాలుగు పొరల మీదికి తెచ్చిన బొంతకుట్టు అగును. అమెరికాలో బొంతలు కుట్టువారు మాత్రము చాలకాలము దీనిని ఒప్పలేదు. చేతితో కుట్టినదే బొంత, మిషనుది మోసమని వారి పట్టుదల. 1989లో కెంటకీ రాష్ట్రమున పడూకా పట్టణపు ప్రదర్శనలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ అను ఆమె సూర్యగ్రహణమును చిత్రించిన బొంతకు మొదటి బహుమతి వచ్చినది. మిషనుతో కుట్టిన బొంతకు అక్కడ ఆ గౌరవము దక్కుట అదే మొదటిసారి. పెద్ద దుమారము రేగినది. నేడా బొంత ఆ ఊరి మ్యూజియమున భద్రముగా నున్నది. దుమారము మాత్రము సద్దుమణిగినది.

ఇక మిషనుల మాట. చేతిమిషను, కాలిమిషను, మోటారుమిషను అని బజారున మూడు తెగలు. ఇవి గాక కార్ఖానాల మిషనులు కలవు. అవి మిక్కిలి వేగముగలవి. పొడవు కుట్లు జోరుగా లాగుటకు పుట్టినవి. బొంతకు వాని జోలికి పోనక్కరలేదు. విదేశములలో బొంతను చట్రమునకు బిగించి, మిషనునే బొంతమీద నడిపించు పొడవుచేయి మిషనులు కూడ నున్నవి. వానికి ఒక గది కావలెను, ఆ గదికి తగిన సంపదయు కావలెను.

చేతిమిషను బొంతకు పనికిరాదు. ఎందుకనగా దానిని త్రిప్పుటకు కుడిచేయి పోవును. పళ్ళు దించినప్పుడు గుడ్డను నడుపవలసినవి రెండు చేతులు. ఒక్క ఎడమచేతితో నాలుగు పొరలను వంకలు త్రిప్పుట ఎంతటివారికిని సాధ్యము కాదు. చేతిమిషను చవుకయనియు, తేలికయనియు ఎందరెన్ని చెప్పినను ఈ ఒక్క లోపము దానిని త్రోసివేయును.

మోటారుమిషనుకు చేతులు రెండును ఖాళీ. వేగము చాలినంత. ఇప్పటి తెల్లమిషనులలో కొన్నిటికి పళ్ళను దించు మీట యుండును. కొన్నిటికి దించుట లేక, పైన కప్పు బిళ్ళ యిత్తురు. రెండును పని చేయును గాని, దించుటయే మేలు. కప్పుబిళ్ళ వలన దళసరి బొంతకు ఉన్న కొంచెము సందును తగ్గును. ఇరువది కుట్లు, ముప్పది కుట్లు అని దుకాణదారు చూపునవి బొంతకు అక్కరలేదు. బొంతకు కావలసినది ఒక్కటే కుట్టు – తిన్నని కుట్టు. మోటారునకు గల చిక్కు కరెంటు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస చేరువనే తీరము దాటినది. ఉద్దానమున కొబ్బరిచెట్లు తోటలకు తోటలుగా కూలినవి. జీడితోటలు వేళ్ళతో లేచినవి. స్తంభములు పడి ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకటిలో నున్నవి. కప్పుకొనుటకు గుడ్డ కావలసినది అట్టి రోజులలోనే. ఆనాడు మోటారుమిషను ఉన్నను లేనట్లే.

ఉద్దానపు ఇంటికి, బొంతపనికి, అన్ని విధముల తగినది కాలిమిషను. కాళ్ళు త్రిప్పును, చేతులు నడుపును, కరెంటుతో నిమిత్తము లేదు. ఇంకొక గుణము కలదు. దాని వేగము కాలి మడమలో నున్నది. వంకర వచ్చినపుడు మెల్లగా ఒక్కొక్క కుట్టుగా దించవచ్చును, తిన్నని చోట పరుగెత్తించవచ్చును. కొత్తగా నేర్చువారికి మోటారు తొందరపెట్టును. కాలిమిషను ఓపికగల పంతులువలె వెంట నడచును. దీని బల్లలో మిషను మునిగి అమరియుండుట వలన బొంత సమముగా పరచుకొనును. నేలకు వ్రేలాడు బొంత తన బరువుతోనే సూదిని వంచి విరుచును. కనుక ఎడమవైపునను ఎదురుగను ఇంకొక బల్లనో పెట్టెనో అదే ఎత్తున చేర్చుట మంచిది.

పళ్ళ తరువాత చూడవలసినది ఖాళీ. సూదికిని, కుడివైపు స్తంభమునకును నడుమ నుండు చోటు ఇంటిమిషనులలో సాధారణముగా ఆరేడు అంగుళములు. బొంతలో సగము చుట్టగా చుట్టబడి ఆ సందులోనే ఇముడవలెను. గజము చదరపు పసిబొంత సుఖముగా ఇముడును. పెద్దబొంత ఇరుకున పడును. ఎనిమిది తొమ్మిది అంగుళముల ఖాళీగల మిషను దొరికిన వదలరాదు. దొరకనిచో పెద్దబొంతను మూడు పట్టీలుగా విడివిడిగా కుట్టి, పిదప కలుపుకొనవచ్చును. ఏది చేసినను నడిమినుండి అంచులవైపు కుట్టుకొని పోవలెను గాని, అంచులనుండి నడిమికి రారాదు. వచ్చిన, మిగులు గుడ్డ యంతయు మధ్యను చేరి బుడగవలె లేచును.

పాదము సంగతియు మరువరాదు. మామూలు పాదము గుడ్డను అదిమిపట్టుటకు పుట్టినది. ఇక్కడ కావలసినది సూది దిగునపుడు దిగి, లేచునపుడు లేచు చిన్న స్ప్రింగు పాదము. దర్జీలు రఫూ పాదమనియు, ఎంబ్రాయిడరీ పాదమనియు అందురు. చిన్న వస్తువు, ధర కొంచెమే. అది లేకుండ కుట్టువారును లేకపోలేదు గాని, సూదికిని వ్రేలికిని నడుమ అడ్డము లేకుండుట పిల్లలున్న ఇంట మంచిది కాదు. సూది 16వ నంబరుది వాడవచ్చును. పొరలు దళసరియైనచో 18. మొండిసూది పాతచీర పోగులను తెంపును. ఉద్దానపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా త్రుప్పు పట్టును. పాతగుడ్డ రాల్చు నూగు షటిలులో చేరి గట్టిపడును. అందువలన బొంత కుట్టిన ప్రతిసారి నూగు తుడిచి, రెండు చుక్కల నూనె వేయుట మిషనుకు అన్నము పెట్టినట్లు.

కొనబోవువారు ఇంటనుండి ఒక నమూనా తీసికొనిపోవలెను. జానెడు గుడ్డ నాలుగు పొరలు, తాము బొంతకు వాడబోవు చీరలవే, కచ్చా వేసి సంచిలో వేసికొనిపోవుట. దుకాణదారు చూపు కొత్త పాప్లిను ముక్కమీద ఏ మిషనైనను ముత్యములవలె కుట్టును. నమూనాను పెట్టి, పళ్ళు దించి, పాదపుమీటను దింపి, సున్నలు చుట్టి చూడవలెను. పాదము పైకి తీసియుండినను ఆ మీట దింపవలసినదే. మీట పైకెత్తియున్నంతసేపు దారమును పట్టు బిళ్ళలు విడివడియుండి, గుడ్డ అడుగున దారము గూడు కట్టును. చాలమంది ఈ చిన్న తప్పుతోనే మిషను చెడ్డదని తిప్పి పంపుచుందురు. కుట్టిన ముక్కను తిరగవేసి అడుగు చూడవలెను. బొంత మంచిచెడ్డలు అడుగుననే తెలియును. ఈ రోజులలో పాతచీరయనగా నైలాను, పాలిస్టరు చీరయే చేతికి వచ్చుచున్నది. అది జారును, చెమట పీల్చదు, పసిబిడ్డ ఒంటికి హితము కాదు. దానిని లోపొరగానైనను వాడకుండుట మేలు.

రావివలస యింటివారు చివరకు కొత్త మిషను కొనలేదు. మిషను తెలిసిన ఒక దర్జీ ఇంటికి వచ్చి చూచి, చేతిమిషను తల చెడినది కాదు, పిడియే అడ్డమని తేల్చెను. నల్లమిషనుల తల చాలవరకు ఒక్కటే. పిడి కట్టిన చేతిమిషను, బెల్టు తగిలించిన కాలిమిషను, ప్రక్కన మోటారు బిగించిన మోటారుమిషను. టెక్కలిలో ఒక పాత ఇనుపస్టాండు దొరికినది. పిడి తీసి, చక్రమునకు తోలుబెల్టు వేసిరి. ఆ తలకు పళ్ళు దించు మర లేదు. అయినను కుట్టు కొలతను సున్నకు త్రిప్పగా పళ్ళు ముందుకు జరుగుట మానినవి. పైన కప్పుబిళ్ళయు వేసికొనిరి. రఫూ పాదమొకటి కొనిరి. కొత్తమిషను ధరలో ఎంతో భాగము మిగిలి పురిటి ఖర్చునకు పోయినది.

మొదటి వారము కుట్టిన వరుసలు కాకిగీతలవలె వచ్చినవి. చేయి తొందరపడిన చోట కుట్లు బారెడు, కాలు తొందరపడిన చోట కుట్లు ఒకదానిపై నొకటి. చేతి నడక, కాలి నడక కలియుటకు దినములు పట్టును. సూది రెండు విరిగినవి. గుడ్డను లాగక, అరచేతులు పరచి జరుపవలెనని తెలిసిన పిదప విరుగుట ఆగినది. అత్తగారు సుద్దముక్కతో చీరమీద గీతలు గీచినది. కళ్ళు సరిగా ఆననందున గీతలు వంకరపోయినవి. ఆ వంకర వెంబడియే కోడలు మిషను నడిపినది. కొబ్బరాకు ఈనెలవలె ఒక నడిమిగీత, దాని కిరుప్రక్కల వాలుగీతలు. చేతిసూదితో ముసలామె ఎన్నడును అట్లు కుట్టియుండలేదు. నిలువువరుసలే ఆమె యెరుగును.

మూడవ బొంతకు ఆమె తన తల్లి చీరను పెట్టె అడుగునుండి తీసియిచ్చినది. ఒడలంతయు పిగిలి, అంచు మాత్రము గట్టిగా నిలిచిన పాతనేత. ఆ అంచు నాలుగు మడతలు కలిసిన మూలకు వచ్చుసరికి మిషను మూలిగి నిలిచిపోయినది. 18వ నంబరు సూదియు దిగలేదు. కోడలు చక్రమును చేతితో త్రిప్పి చూచి, దారము త్రెంచి, బొంతను మిషను క్రిందనుండి తీసినది. పెద్దసూదిలో దారమెక్కించి అత్తగారి చేతికిచ్చినది. మూల ఎక్కడనో తడిమి చూచుకొని, ఆమె ఆ జానెడును వాకిట ఎండలో కూర్చుండి తానే కుట్టినది.